తులిప్ దుంపలు నాటేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తులిప్ గురించి ఎక్కువమంది రెండు సందర్భాల్లో అడుగుతారు. దుంపలు చేతికొచ్చిన రోజు "ఇప్పుడు వీటిని ఏం చెయ్యాలి?" అని. రెండో ఏడాది ఆకులు వచ్చి పువ్వు రాకపోతే "నేనేం తప్పు చేశాను?" అని. మొదటిదానికి జవాబు నాలుగు ముక్కల్లో అయిపోతుంది. రెండోదానికి మాత్రం నేల కింద ఆ దుంప ఏడాది పొడుగునా ఏం చేస్తుందో తెలియాలి. అది తెలిస్తే మిగతా జాగ్రత్తలు ఎందుకో కూడా అర్థమవుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

తులిప్ దుంప విత్తనమా, వేరా? లోపల ఏముంటుంది?

రెండూ కాదు. ఉల్లిగడ్డ లాంటిదే. పొట్టి కాండం చుట్టూ ఆకులు దళసరిగా మారి, ఆహారం దాచుకుని ముడుచుకుపోయిన మొక్క అది. తెచ్చినవాటిలో ఒక దుంపని వదులుకోవడానికి మనసొప్పితే పదునైన కత్తితో నిలువునా కోసి చూడండి. పైన పల్చటి గోధుమరంగు పొట్టు. దాని కింద తెల్లటి మందపాటి పొరలు. అడుగున గట్టి బిళ్ల, వేర్లు వచ్చేది దాని అంచు నుంచే. సరిగ్గా మధ్యలో లేతపచ్చటి మొన ఒకటి కనిపిస్తుంది. దాన్ని సూదితో మెల్లగా విప్పితే ఒకదాన్నొకటి చుట్టుకున్న చిట్టి ఆకులు, వాటి లోపల గింజంత పువ్వు. భూతద్దం పెడితే ఆరు రేకులు, ఆరు కేసరాలు, మధ్యలో మూడు పలకల అండాశయం విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

అంటే మనం నాటే వేళకే పువ్వు తయారైపోయి ఉంది. ఈ ఏడాది పువ్వు నిరుటి మొక్క పెట్టిన పెట్టుబడి. మనం చెయ్యాల్సిందల్లా దాన్ని పాడుచెయ్యకుండా బయటికి రానివ్వడం, తర్వాత వచ్చే ఏడాది పువ్వుకి కావలసింది సమకూర్చడం.

చలి అంత అవసరమా?

చాలా అవసరం. తులిప్‌ల పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు, ముఖ్యంగా తియాన్ షాన్, పామీర్ పర్వతాల ప్రాంతం. అక్కడ వేసవిలో ఎండ, కరువు. శీతాకాలంలో మంచు. మధ్యలో కొద్ది వారాలు మాత్రమే వసంతం. ఆ కొద్ది వారాల్లో పూసి, విత్తనం కట్టి, మళ్లీ నేలలోకి ముడుచుకుపోవడం ఈ మొక్క అలవాటు. చలికాలం నిజంగా గడిచిపోయిందని రూఢి అయితేగానీ అది తల బయటపెట్టదు.

రకాన్ని బట్టి 12 నుంచి 16 వారాల పాటు 2 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లదనం తగలాలి. ఆ సమయంలో దుంపలో దాచిన పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కాడ సాగడానికి సిద్ధమవుతుంది. చలి చాలకపోతే దుంప చావదు. ఆకులు వస్తాయి, కానీ కాడ సాగదు. పువ్వు ఆకుల మధ్యే ఇరుక్కుని అక్కడే విచ్చుకుంటుంది, లేదా మొగ్గగానే ఎండిపోతుంది. అలాంటి పొట్టి పువ్వు కనిపిస్తే ఎరువు తక్కువైందేమో అని అనుమానించే ముందు చలి ఎన్ని వారాలు తగిలిందో లెక్క వేసుకోండి.

ఎప్పుడు నాటాలి?

నేల బాగా చల్లబడ్డాక, గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు. ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల అది అక్టోబర్, నవంబర్. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్, మే. మిగతా వసంతపు దుంపల కంటే తులిప్‌ని ఆలస్యంగా నాటినా నష్టం లేదు. నా మటుకు నేను ఆలస్యాన్నే ఇష్టపడతాను. వెచ్చటి తడి నేలలో పడితే దుంప వేర్లు వేసేలోపే బూజు పట్టే ప్రమాదం ఉంది. చల్లటి నేలలో ఆ తెగుళ్ల జోరు తగ్గుతుంది.

ఒకవేళ మర్చిపోయి సీజన్ చివర్లో సంచీ కనిపిస్తే, దుంపలు గట్టిగానే ఉంటే వెంటనే నాటెయ్యండి. వచ్చే ఏడాదికి దాచుదామంటే కుదరదు, ఈలోగా అవి ఎండిపోతాయి.

మా దగ్గర చలికాలం అంత చల్లగా ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి నాటొచ్చా?

నాటొచ్చు. గాలి ఆడే కాగితపు సంచీలోనో, వల సంచీలోనో వేసి ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. 12 వారాలకు తగ్గకుండా ఉంచండి. వారానికోసారి తీసి చూసి మెత్తబడ్డవాటిని ఏరెయ్యండి. బయటికి తీశాక రోజులు గడపకుండా, మీ దగ్గర ఏడాదిలో అన్నిటికంటే చల్లగా ఉండే రోజుల్లోనే నాటేలా ముందే వెనక్కి లెక్కపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. అదే ఫ్రిజ్‌లో ఆపిల్స్, అరటిపళ్లు, మరే పండే పళ్లూ ఉండకూడదు. పండే పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. అది లోపల తయారై ఉన్న చిన్న పువ్వుని చంపేస్తుంది. బయటికి దుంప నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను మొదటిసారి చల్లబెట్టిన ఇరవై దుంపలు అలాగే పోయాయి. పై అరలో దుంపలు, కింద డబ్బాలో ఆపిల్స్. వసంతంలో అన్నిటికీ చక్కటి ఆకులు వచ్చాయి. ఒకదాని ఆకులు విడదీసి చూస్తే మధ్యలో మొగ్గ ఉండాల్సిన చోట తెల్లటి ఎండు పొర మాత్రం ఉంది, పట్టుకుంటే పొడైపోయింది. ఆ పొరని వేళ్ల మధ్య పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మీకు ఆ బాధ వద్దు.

ఇలా ఫ్రిజ్‌లో పెట్టి పూయించిన దుంపలు వెచ్చటి ప్రాంతాల్లో రెండో ఏడాది పూయడం అరుదు. వాటిని ఒక్క సీజన్ మొక్కలుగానే అనుకోండి.

మంచి దుంపని ఎలా గుర్తుపట్టాలి?

చేత్తో పట్టుకుంటే గట్టిగా, సైజుకి తగ్గ బరువుతో ఉండాలి. బొటనవేలితో అడుగు బిళ్ల దగ్గర నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే వద్దు. పొట్టు ఊడిపోయినా పర్వాలేదు, అక్కడక్కడా నీలిరంగు బూజు పైపైన ఉంటే గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది. సైజుని చుట్టుకొలతతో చెబుతారు. 12 సెంటీమీటర్లు, ఆపైన ఉన్నవి పెద్ద సైజు కింద లెక్క. అడవి జాతుల దుంపలు సహజంగానే చిన్నవి, వాటికి ఈ కొలత వర్తించదు.

ఎంత లోతు, ఎంత దూరం?

దుంప ఎత్తుకి మూడింతల లోతు, అంటే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు. దుంప కింది భాగం నుంచి నేల పైదాకా కొలవాలి. దుంపకీ దుంపకీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు. ఏళ్ల తరబడి ఉంచాలనుకుంటే ఇంకాస్త లోతే మేలు. లోతులో వేడి తక్కువ, దుంప తొందరగా చిన్న చిన్న ముక్కలుగా విడిపోదు, తవ్వే జంతువులకి కూడా కొంచెం కష్టం.

ఏ వైపు పైకి పెట్టాలి?

మొన పైకి, బిళ్ల కిందికి. తిరగబడినా చాలావరకు మొలక వంగి పైకి వస్తుంది, కాకపోతే దాని శక్తి కొంత వృథా అవుతుంది. ఇంకో ముచ్చట: దుంపకి ఒక పక్క కొంచెం చదునుగా ఉంటుంది. మొదటి పెద్ద ఆకు ఆ వైపుకే వస్తుంది. కుండీలో నాటేటప్పుడు చదునైన వైపుని కుండీ అంచు వైపు తిప్పి పెడితే ఆకులన్నీ బయటికి వాలి, పువ్వులు మధ్యలో నిలబడతాయి.

ఎలాంటి నేల, ఎంత ఎండ?

రోజుకి ఆరు గంటల ఎండ. నేల పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణాల కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి. వీటన్నిటికంటే ముఖ్యం నీళ్లు నిలవకపోవడం. వేసవిలో నిద్రపోయే దుంపకి తడి ఎంత చేటో, గడ్డకట్టే చలి కూడా అంత చేటు కాదు. నేల బంకమన్ను అయితే ఎత్తుగా మడి కట్టి, కంపోస్ట్, ముతక ఇసుక కలిపి నాటండి. గుంట తవ్వి అడుగున మాత్రమే గులకరాళ్లు పోస్తే లాభం ఉండదు, చుట్టూ బంకమన్నే కాబట్టి నీళ్లు అక్కడికే చేరతాయి.

నీళ్లు ఎప్పుడెప్పుడు పొయ్యాలి?

నాటిన రోజు ఒకసారి బాగా తడపండి. తర్వాత వాన గానీ మంచు గానీ ఉంటే మర్చిపోవచ్చు. మొలక వచ్చినప్పటి నుంచి పూలు రాలేవరకు నేల ఎండిపోకుండా చూడండి. ఆకులు పసుపు తిరగడం మొదలైతే ఆపెయ్యండి.

నాటి నెలలైంది, ఏమీ కనిపించడం లేదు. తవ్వి చూడనా?

వద్దు. ఆ సమయంలో కింద వేర్లు పని చేస్తున్నాయి. తులిప్ వేర్లకి కొమ్మలు ఉండవు, నేరుగా పోగుల్లాగా దిగుతాయి. ఒకసారి తెగితే ఆ సీజన్‌కి మళ్లీ రావు. చూడాలనే ఆత్రం నాకు తెలుసు, ఓపిక పట్టండి. నాటిన చోట ఒక పుల్ల గుచ్చి పేరు రాసిపెట్టుకుంటే ఇంకేదో నాటబోయి పొరపాటున తవ్వెయ్యకుండా ఉంటారు.

ఎరువు ఏం వెయ్యాలి?

మొదటి ఏడాది పువ్వుకి పెద్దగా ఏమీ అక్కర్లేదు, దుంపలోనే సరుకు ఉంది. ఎరువు అవసరం ఆకులకి. మొలకలు రెండు అంగుళాలు లేచినప్పుడు నత్రజని మరీ ఎక్కువ లేని సమతుల ఎరువు కొంచెం వేసి నీళ్లు పెడితే చాలు. పచ్చి పేడ ఎప్పుడూ తగలనివ్వకండి, దుంప కుళ్లుతుంది.

కుండీల్లో పెరుగుతాయా?

బాగా పెరుగుతాయి. అడుగున రంధ్రాలున్న లోతైన కుండీ తీసుకోండి. కుండీలో దుంపలు ఒకదానికొకటి తగలకుండా ఉంటే చాలు, బాగా దగ్గరగా పెట్టొచ్చు, నేలలో పాటించే దూరం ఇక్కడ అక్కర్లేదు. లోతైన కుండీ అయితే కింద వరసలో ఆలస్యంగా పూసే తులిప్‌లు, పై వరసలో క్రోకస్ లాంటి చిన్నవి పెడితే ఒకటి అయ్యాక ఒకటి పూస్తాయి. కుండీ మట్టి నేల కంటే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా వేడెక్కుతుంది. మరీ కఠినమైన చలి ఉంటే గోడ పక్కకి జరపండి.

ఉడుతలు, ఎలుకలు తవ్వి తినేస్తున్నాయి. ఏం చెయ్యాలి?

వాటికి తులిప్ దుంప మంచి భోజనం. 1944–45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో మనుషులు కూడా తులిప్ దుంపలు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. ఘాటు వాసన మందులు, కారం పొడులు ఒక వానతో పోతాయి. నమ్మకమైనది ఇనుప వల ఒక్కటే. దుంపల మీద కొంత మట్టి కప్పి, వల పరిచి, దాని మీద మిగతా మట్టి కప్పండి. మొలకలు కన్నాల్లోంచి వచ్చేస్తాయి. ఉడుతలకి ఇది చాలు. కింది నుంచి సొరంగం తవ్వుకుని వచ్చే ఎలుకలు ఉంటే వలని బుట్టలా మడిచి దుంపలని అందులో నాటాలి. నాటాక రాలిన పొట్టుని కూడా ఏరెయ్యండి, ఆ వాసనే వాటికి దారి చూపిస్తుంది. వసంతంలోనే పూసే మరో దుంప మొక్క డాఫోడిల్. దాని దుంపలు విషం కాబట్టి జంతువులు వాటి జోలికి పోవు. రెండూ కలిపి నాటితే కొంత మేలే గానీ పూర్తి రక్షణ అనుకోకండి.

పూలు ఎన్నాళ్లు ఉంటాయి? సీజన్ పొడిగించడం ఎలా?

ఒక్కో రకం సుమారు ఒకటి రెండు వారాలు. అందుకే ఒకే రకం కాకుండా మూడు జట్లు నాటండి. కౌఫ్మానియానా, ఫోస్టీరియానా ముందుగా వస్తాయి. ట్రయంఫ్, డార్విన్ హైబ్రిడ్ మధ్యలో. లిల్లీ పువ్వులాగా మొనదేలే రకాలు, అంచులు చిరిగిన కుచ్చుల్లా ఉండే ప్యారట్, ముద్దగా పూసే డబుల్ లేట్ చివర్లో. గాలి ఎక్కువగా వీచే చోట ప్యారట్, డబుల్ రకాలు వద్దు. పువ్వు బరువుకి కాడ వాలిపోతుంది.

పూలు వాడిపోయాక ఆకులు కోసెయ్యొచ్చా? చూడటానికి బాగా లేవు.

దయచేసి కొయ్యకండి. వాడిన పువ్వు తలని మాత్రం తుంచెయ్యండి, లేకపోతే విత్తనం కట్టడానికి శక్తి పోతుంది. కాడ, ఆకులు మాత్రం అలాగే ఉంచాలి. ముడివెయ్యడం, జడల్లా అల్లి కట్టడం కూడా చెయ్యకండి, ఎండ తగలడం తగ్గిపోతుంది. సుమారు ఆరు వారాల్లో వాటంతటవే పసుపు తిరిగి ఎండుతాయి. అప్పుడు లాగితే చేతిలోకి వచ్చేస్తాయి. కళ్లకి ఇబ్బందిగా ఉంటే ముందు వరసలో ఇంకేవైనా మొక్కలు పెంచండి, వాటి ఆకులు వీటిని కప్పేస్తాయి.

రెండో ఏడాది ఆకులే వచ్చాయి, పువ్వు రాలేదు. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మీరు నాటిన దుంప ఇప్పుడు అక్కడ లేదు, అసలు విషయం అది.

డాఫోడిల్ దుంప ఏళ్ల తరబడి అదే దుంపగా పెరుగుతూ ఉంటుంది. తులిప్ అలా కాదు. పూసిన ఏడాదే తల్లి దుంప తన పొరల్లోని ఆహారమంతా ఖర్చు చేసుకుని కరిగిపోతుంది. పూత అయిపోయాక ఒక మొక్కని తవ్వి చూస్తే పాత దుంప స్థానంలో గోధుమరంగు పొరలు మాత్రం మిగిలి, వాటి మధ్య కొత్త పిల్ల దుంపలు రెండో మూడో నాలుగో కనిపిస్తాయి. వాటిలో ఒకటి పెద్దది, మిగతావి చిన్నవి. ఆకులకి ఎండ, నేలకి తేమ బాగా అంది ఆరు వారాలు దొరికితే ఆ పెద్దది పూసే సైజుకి చేరుతుంది. ఆకులు ముందే కోసేస్తేనో, ఎండలు ముదిరి త్వరగా ఎండిపోతేనో, అన్నీ చిన్నవిగానే మిగిలిపోతాయి. చిన్న దుంప పువ్వు తయారుచెయ్యదు. పూసే దుంపకి రెండు అంతకంటే ఎక్కువ ఆకులు వస్తాయి. పూయని దుంప నుంచి వెడల్పాటి ఒకే ఒక్క ఆకు వస్తుంది. వసంతం మొదట్లో ఒంటి ఆకు కనిపిస్తే ఆ ఏడాది దాని నుంచి పువ్వు ఆశించకండి, అది ఇంకా పిల్లే.

దీనికి వేసవి కూడా కారణం కావచ్చు. వచ్చే ఏడాది పువ్వు దుంప లోపల రూపు దిద్దుకునేది ఆకులు ఎండిన తర్వాత, పొడి నేలలో, 20 డిగ్రీలకి అటూఇటూ ఉండే వెచ్చదనంలో. ఆ రోజుల్లో పక్క మొక్కలకి పోసే నీళ్లతో దుంప నానుతూ ఉంటే, లేదా నేల మరీ కాలిపోతే, ఆ పని చెడుతుంది. కాబట్టి మీరు తప్పు చేశారని బాధపడకండి. తోటల్లో చాలావరకు తులిప్‌కి దాని కొండల్లోని వేసవి దొరకదు. అందుకే ప్రదర్శన తోటల్లో ఏటా కొత్త దుంపలే నాటుతారు.

అయితే దుంపలు తవ్వి దాచుకోవడం మేలా?

వేసవిలో వానలు పడే చోట, నీళ్లు పెట్టే మడుల్లో తప్పకుండా మేలు. ఆకులు సగానికి పైగా పసుపు తిరిగాక పలుగు కాస్త దూరంగా గుచ్చి ఎత్తండి. నీడలో ఆరబెట్టి, మట్టి దులిపి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క వేరు చెయ్యండి. గాలి ఆడే, పొడిగా ఉండే చోట గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి. తవ్విన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకండి. ముందు వెచ్చదనంలో పువ్వు తయారవ్వాలి, చలి ఆ తర్వాత. చిన్నవాటిని పారేయకుండా పక్క మడిలో నాటితే ఒకటి రెండేళ్లలో పూసే సైజుకి వస్తాయి.

ఏటా తిరిగి పూసే రకాలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. పెద్ద పువ్వుల్లో డార్విన్ హైబ్రిడ్‌లు, ఉదాహరణకి ఎర్రటి అపెల్డోర్న్. ఫోస్టీరియానా, గ్రైగై, కౌఫ్మానియానా రకాలు కూడా. నిజంగా ఏళ్ల తరబడి ఉండి గుంపుగా విస్తరించాలంటే అడవి జాతులు పెట్టండి: టార్డా, తుర్కెస్తానికా, క్లూసియానా. పువ్వు చిన్నది, ఎండకి నక్షత్రంలా పూర్తిగా విచ్చుకుంటుంది. నాకు వీటి మీద మక్కువ ఎక్కువ. క్లూసియానా పేరు కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్తది. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయం తోట బాధ్యత తీసుకుని, అక్కడ తులిప్‌లు నాటి నెదర్లాండ్స్‌లో వాటికి పాదు కట్టింది ఆయనే.

ఆకులు మాడినట్టు మచ్చలు పడి మెలితిరిగాయి. ఇదేం తెగులు?

తులిప్ ఫైర్ అంటారు, బోట్రైటిస్ అనే బూజు వల్ల వస్తుంది. తడి వాతావరణంలో బూడిదరంగు నూగు కూడా కనిపిస్తుంది. మందు వెతుక్కునే ముందు ఆ మొక్కని దుంపతో సహా తీసి చెత్తలో పారెయ్యండి, కంపోస్ట్‌లో కాదు. ఆ మడిలో మూడేళ్లు తులిప్ నాటకండి. నాటే ముందు పొట్టు మీద గుండుసూది తలంత నల్లటి చుక్కలు ఉన్న దుంపల్ని పక్కన పెట్టెయ్యడమే అసలైన జాగ్రత్త.

ఒకే రంగు పువ్వు ఈసారి చారలతో పూసింది. అందంగా ఉంది, ఉంచుకోనా?

ఉంచుకోవాలనే ఉంటుంది, కానీ తీసెయ్యండి. అది వైరస్. పేనుబంక ద్వారా ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతుంది, లిల్లీలకి కూడా సోకుతుంది, దుంపని ఏటేటా నీరసపరుస్తుంది. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో జనం వెర్రిగా కొన్నది ఇలాంటి చారల పువ్వుల్నే. తెలుపు మీద ఎర్రటి మంటల్లాంటి చారలుండే సెంపర్ అగస్టస్ వాటిలో పేరు మోసింది. 1637 ఫిబ్రవరిలో ఆ ధరలు కుప్పకూలాయి. అందరూ కోరుకున్న ఆ అందం ఒక జబ్బు లక్షణమని డొరొతీ కేలీ అనే శాస్త్రవేత్త 1928లో గానీ తేల్చలేదు. ఇప్పుడు మామూలుగా దొరికే చారల రకాలు పుట్టుకతోనే అలాంటివి, వైరస్ ఉన్నవి కావు. చారలు ఇష్టమైతే అవే నాటుకోండి.

విత్తనం నుంచి పెంచొచ్చా?

పెంచొచ్చు, మొదటి పువ్వుకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. హైబ్రిడ్ విత్తనం తల్లి పువ్వులా రాదు. అడవి జాతులతో ప్రయత్నిస్తే ఆనందం ఎక్కువ.

దుంపలు ముట్టుకుంటే దురద వస్తోంది. పెంపుడు జంతువులకి ప్రమాదమా?

దుంపలోని రసాయనాల వల్ల కొందరికి వేళ్ల చివర్లు ఎర్రబడి పగులుతాయి. గ్లవ్స్ వేసుకోండి. కుక్కలు, పిల్లులు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అన్నిటికంటే ఎక్కువ విషం దుంపలోనే ఉంటుంది కాబట్టి నాటే రోజు సంచీ నేల మీద వదిలెయ్యకండి.

కోసి వాజులో పెడితే కాడలు వంగిపోతున్నాయి.

తులిప్ కోశాక కూడా పెరుగుతూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో కాడ రెండు అంగుళాల దాకా సాగి వెలుతురు వైపు తిరుగుతుంది. మొగ్గ రంగు తిరిగి ఇంకా విచ్చుకోకముందే కోసి, చల్లటి నీళ్లలో పెట్టి, రోజూ నీళ్లు మార్చండి. డాఫోడిల్స్‌తో కలిపి పెట్టకండి, వాటి కాడల జిగురు తులిప్‌ని తొందరగా వాడ్చేస్తుంది. పగలు వెచ్చదనానికి విచ్చుకుని సాయంత్రం మూసుకుంటుంటే అది ఇంకా తాజాగా ఉన్నట్టే. మూసుకోవడం మానేసిందంటే మర్నాడో ఎల్లుండో రేకులు రాలతాయి. కోసేటప్పుడు మొక్కకి కనీసం రెండు ఆకులు వదిలెయ్యండి, కింద పిల్ల దుంపలు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.